ఆసుపత్రికి చేరకముందు గాయాల తీవ్రత అంచనా

రోడ్డు ప్రమాదంలోనో, ఎత్తు నుంచి పడటం వల్లనో, కత్తిపోటుతోనో గాయపడిన మనిషి ప్రాణానికి ఎంత ముప్పుందో సంఘటన స్థలంలోనూ అంబులెన్స్‌లోనూ అంచనా కట్టే పద్ధతి ఇది. దీన్ని రోగనిర్ధారణ అనుకోకూడదు. కాలేయం చిట్లిందా, ప్లీహం చిట్లిందా అన్నది స్కానింగ్‌లో తేలుతుంది. రోడ్డు పక్కన తేలాల్సినవి రెండే: ఇప్పటికిప్పుడు ఏం చేయాలి, ఏ ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

గాయాలకు మార్కులు వేసే పద్ధతుల్లో ప్రసిద్ధమైనది 1974లో అమెరికాలో సూసన్ బేకర్ బృందం ప్రతిపాదించిన ఇంజురీ సివియారిటీ స్కోరు. గరిష్ఠం 75, 15 దాటితే తీవ్ర గాయంగా లెక్క. కానీ ఒక్కో అవయవానికి ఎంత దెబ్బ తగిలిందో కచ్చితంగా తెలిస్తే తప్ప ఈ లెక్క తేలదు. పరిశోధనకు, ఆసుపత్రుల పనితీరు పోల్చడానికి అది పనికొస్తుంది, అంబులెన్స్‌లో పనికిరాదు. అక్కడ చూడగలిగేది దెబ్బకు శరీరం ఎలా స్పందిస్తోందన్నదే.

అదే 1974లో గ్లాస్గోలో గ్రహమ్ టీస్‌డేల్, బ్రయాన్ జెన్నెట్ రూపొందించిన కోమా స్కేలు అందుకు సరిపోయింది. కళ్లు తెరవడానికి 4, మాటకు 5, కదలికకు 6 మార్కులు. మొత్తం 3 నుంచి 15 వరకు. తలకు దెబ్బ తగిలినవారిలో 8 లేదా అంతకంటే తక్కువ వస్తే తీవ్రమైనదని అర్థం. మూడింటిలో ఎక్కువ సమాచారం ఇచ్చేది కదలికే. ముఖం వాచి కళ్లు మూసుకుపోవచ్చు, దవడ విరిగి మాట రాకపోవచ్చు. "రెండు వేళ్లు చూపించండి" అంటే చూపించాడా, 6. చూపించలేదు, కానీ మెడ పక్క కండరాన్ని గట్టిగా నొక్కితే ఆ చేతిని తోసేయబోయాడు, అది 5. "నా చెయ్యి పట్టుకోండి" అని చూడటం అంత నమ్మదగిన పరీక్ష కాదు. స్పృహ లేనివారి గుప్పిట కూడా తాకగానే ముడుచుకోవచ్చు. అందుకే వదలమని కూడా చెప్పి చూడాలి. మద్యం వాసన వస్తోందని స్పృహ లేకపోవడాన్ని తాగుడు ఖాతాలో వేయడం ఈ పనిలో ప్రమాదకరమైన అలవాటు.

1989లో హోవార్డ్ ఛాంపియన్ బృందం ప్రకటించిన రివైజ్డ్ ట్రామా స్కోరు కోమా స్కేలుకు పై రక్తపోటునూ నిమిషానికి ఊపిరి సంఖ్యనూ జత చేసింది. ఒక్కోదానికి 0 నుంచి 4. మొత్తం 12లో ఒక్క మార్కు తగ్గినా పెద్ద ఆసుపత్రికే తీసుకెళ్లాలన్నది దీని సూత్రం.

ఈ మూడింటిలో బీపీ ఆలస్యంగా నిజం చెబుతుంది. ఆరోగ్యవంతుడైన యువకుడి శరీరం రక్తనాళాలను బిగించి, గుండె వేగం పెంచి, దాదాపు 30 శాతం రక్తం పోయేదాకా పై అంకెను నిలబెట్టగలదు. బీపీ 100, నాడి 120 ఉందనుకోండి. విడివిడిగా చూస్తే రెండూ అంత భయపెట్టవు. నాడిని బీపీతో భాగిస్తే 1.2 వస్తుంది. 1967లో జర్మన్ భాషలో ఆల్గోవర్, బుర్రి ప్రచురించిన ఈ షాక్ ఇండెక్స్ మామూలుగా 0.5–0.7 మధ్య ఉండాలి. 1 దాటితే లోపల రక్తం పోతోందని అనుమానించాల్సిందే. చల్లటి చెమట, పాలిపోయిన చర్మం, కారణం లేని ఆందోళన అంకెల కంటే ముందే కనిపించవచ్చు. వృద్ధుల లెక్క వేరు. ఎప్పుడూ అధిక బీపీ ఉండే వ్యక్తికి 105 కూడా తక్కువే. గుండె వేగం తగ్గించే బీటా బ్లాకర్ మందులు వాడేవారిలో నాడి పెరగకపోవచ్చు. అందుకే అమెరికా జాతీయ మార్గదర్శకాలు 65 ఏళ్లు నిండినవారికి బీపీ ప్రమాద హద్దును 90 నుంచి 110కి మార్చాయి.

అంకెలు బాగున్నా దెబ్బ తగిలిన తీరు అడిగి తీరాలి. వాహనం నుంచి ఎగిరిపడటం, అదే కారులో మరొకరు చనిపోవడం, పది అడుగులకు మించిన ఎత్తు నుంచి పడటం హెచ్చరికలు. వీటిని బట్టి పంపితే చిన్న గాయాలవారూ కొందరు పెద్దాసుపత్రికి చేరతారు. ఆ పొరపాటు భరించదగినదే. అమెరికా శస్త్రవైద్యుల సంఘం (అమెరికన్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్) అలాంటివి 25–35 శాతం దాకా ఉండనిచ్చింది. తీవ్ర గాయాలను చిన్నవిగా పొరబడటాన్ని మాత్రం 5 శాతం దాటనివ్వరాదంది.

బస్సు బోల్తా పడి పదుల మంది గాయపడితే ఇంత తీరిక ఉండదు. 1983లో కాలిఫోర్నియాలోని న్యూపోర్ట్ బీచ్‌లో పుట్టిన స్టార్ట్ పద్ధతిలో నడవగలిగినవారిని ముందు పక్కకు పంపుతారు. మిగిలినవారిలో ఊపిరి నిమిషానికి 30 దాటినా, మణికట్టు నాడి అందకపోయినా, చెప్పిన పని చేయలేకపోయినా వెంటనే చికిత్స అందాల్సినవారని ఎర్ర పట్టీ కడతారు. అరిచేవారి కంటే మౌనంగా ఉన్నవారి దగ్గరికే ముందు వెళ్లాలి.

తెలుగు రాష్ట్రాల్లో ఈ అంచనా భారం 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 అంబులెన్స్ సేవలోని అత్యవసర వైద్య సాంకేతిక నిపుణులది (ఈఎంటీలది). ఒక్కసారి చూసి వదిలేసే పని కాదిది. దారిలో మళ్లీ మళ్లీ కొలిచి, సమయంతో సహా రాసి అప్పగిస్తేనే పరిస్థితి ఎటు పోతోందో ఆసుపత్రి వైద్యుడికి తెలుస్తుంది. అంచనాకు తొలి సమాచారం ఫోన్ చేసినవారి నుంచే అందుతుంది. ఎంతమంది గాయపడ్డారు, మాట్లాడుతున్నారా, ఊపిరి ఆడుతోందా, రక్తం కారుతోందా అన్నవి చెప్పండి. 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 134ఏ సెక్షన్ ప్రకారం, సదుద్దేశంతో సాయం చేసినవారిపై సివిల్, క్రిమినల్ చర్యలుండవు. పేరు చెప్పమని బలవంతం చేయకూడదు.