ఇసుకలో దిద్దిన అక్షరము – శ్రీకూర్మసీమ వీధిబడులు



శ్రీకూర్మ క్షేత్రమున మండప స్తంభములపై చెక్కిన శాసనములను చూడని యాత్రికుడు అరుదు. చదివిన యాత్రికుడు మరింత అరుదు. శాలివాహన శకము 1203, అనగా క్రీ.శ. 1281 నాటి శాసనమొకటి, శ్రీమన్మధ్వాచార్యుల శిష్యులైన శ్రీ నరహరితీర్థులవారు స్వామి సన్నిధిని యోగానంద నృసింహునికి ఆలయము కట్టించిన సంగతి తెల్పుచున్నది. మరికొన్ని అఖండదీపములకు సమర్పించిన పశువుల లెక్కలు, గండమాడల లెక్కలు. రాజులు, దాతలు, యతీశ్వరులు ఆ రాళ్లపై నిలిచిరి. అయితే ఆ లెక్క వ్రాసినవాడును, దానిని ఉలితో చెక్కినవాడును ఒకనాడు అయిదేండ్ల బాలురు. శిలపై నిలిచిన అక్షరమునకు ముందు చెరిగిపోయిన అక్షరములు వేలకొలది ఉండును. ఆ చెరిగిపోయిన అక్షరముల చరిత్రయే వీధిబడి చరిత్ర.

ఆ బడుల స్వరూపము అంకెలతో సహా తెలియవచ్చునది 19వ శతాబ్దపు ఆరంభమున. మదరాసు గవర్నరు సర్ థామస్ మన్రో 1822 జూన్ 25వ తేదీన జిల్లా కలెక్టర్లందరిని తమ తమ సీమలలోని బడుల వివరములు పంపుడని కోరెను. శ్రీకూర్మము అప్పుడు గంజాము జిల్లాలోనిది. ఆ జిల్లాలో 255 బడులు, 2,977 మంది విద్యార్థులు ఉన్నట్లు లెక్క తేలెను. పొరుగున ఉన్న విశాఖపట్టణము జిల్లాలో 914 బడులు, 9,715 మంది. 1826 మార్చిలో మన్రో వ్రాసిన తుది వివరణ ప్రకారము రాజధాని మొత్తమునకు 12,498 బడులు. సుమారు వేయిమందికి ఒక బడి.

ఈ పట్టికలను ధర్మపాల్ గారు 1983లో గ్రంథరూపమున ప్రకటించిన పిదప, మన పూర్వవిద్యావైభవమును చాటుటకు పలువురు వీనిని ఉదాహరించుచున్నారు. ఉదాహరింపదగినవే. కాని అంకెలను సగము చదువరాదు. గంజాము బాలురలో బ్రాహ్మణులు 808 మంది, వైశ్యులు 243, శూద్రులు 1,001, ఇతర కులములవారని వ్రాయబడినవారు 886, మహమ్మదీయులు 27. చదువు ఒక్క అగ్రహారములకే పరిమితమై ఉండెనను మాట దీనితో నిలువదు. ఇక బాలికలో? జిల్లా అంతటికి పన్నెండుమంది. సరస్వతిని స్త్రీమూర్తిగా అర్చించు సీమలో బడికెక్కిన ఆడుబిడ్డలు పన్నెండుగురే. వైభవము చాటువారు ఈ పన్నెండును దాచరాదు.

బడిలో దినచర్య ఎట్లుండెనో సవిస్తరముగా చెప్పినది బళ్లారి కలెక్టరు కాంబెల్ 1823 ఆగస్టులో పంపిన నివేదిక. బళ్లారి మనకు దూరమే. అయినను ఆ జిల్లాలోని 533 బడులలో 226 తెలుగుబడులే. అందు వర్ణింపబడిన రీతులు కళింగసీమ వృద్ధుల నోట నిన్నమొన్నటి వరకు వినవచ్చినవే.

బాలునికి అయిదవ ఏడు రాగానే గురువును, బడిపిల్లలను ఇంటికి పిలిచెడివారు. అందరును విఘ్నేశ్వర ప్రతిమ చుట్టు కూర్చుండగా, గురువు ధూపము వేసి, నైవేద్యమిడి, బాలునిచే ప్రార్థన చెప్పించి, వాని వ్రేలు పట్టి బియ్యములో దైవనామము వ్రాయించును. తెలుగువారు అక్షరమాలను ఓనమాలనుట 'ఓం నమః శివాయ' అని దిద్దించుటచేతనే. కూర్మనాథుని నీడలో పుట్టిన వైష్ణవబాలుడును అట్లే ఆరంభించెడివాడు. అందుకు ఎవరికిని ఆక్షేపణ లేకుండెను.

మరునాటినుండి బడి. ఉదయము ఆరు గంటలకు అయ్యవారి అరుగుపై అది మొదలగును. అందరికంటె ముందు వచ్చిన పిల్లవాని అరచేత సరస్వతి నామము వ్రాయుదురు; అది గౌరవము. రెండవవాని చేత సున్న. పొగడ్తయు లేదు, తెగడ్తయు లేదు. మూడవవానికి మెల్లగా ఒక దెబ్బ, నాల్గవవానికి రెండు, ఆపై వచ్చినవానికల్లా ఒక్కొక్కటి అధికము. కోడికూతకు ముందే పిల్లలు వీధులలో పరుగెత్తుటకు ఇంతకంటె మంచి ఉపాయము ఏ విద్యాశాఖయు కనిపెట్టలేదు. సోమరికి గుంజీలు. చేతులు కట్టి దూలమునకు వ్రేలాడదీయు కోదండమును ఉండెను. దానిని నేడు గురుభక్తి పేర సమర్థింప పనిలేదు, అది క్రౌర్యమే.

పిల్లలు సాధారణముగా నాలుగు తరగతులు. చిన్నవారికి పెద్దపిల్లలు చెప్పుదురు. పెద్దవారికి గురువు చెప్పుచు అందరిపై కన్ను వేసియుండును. మొదట నేలపై ఇసుకలో వ్రేలితో వ్రాత. చేయి కుదిరిన పిమ్మట తాటాకు, గంటము. పిదప గుణింతములు, ఒత్తులు, ఎక్కములు, ఉత్తరములు వ్రాయుట, పద్దులు కట్టుట. ఇసుకకు వెలలేదు, చెరిపినచో నష్టములేదు. సముద్రము చెంత ఉన్న శ్రీకూర్మము వంటి ఊళ్లకు ఇసుక వెదకి తెచ్చుకొను శ్రమయును లేదు. మదరాసులో అనాథబాలుర శాలను నడిపిన ఆండ్రూ బెల్ ఈ ఇసుకవ్రాతను ఒక దేశీయ పాఠశాలలో చూచి తన శాలలో ప్రవేశపెట్టెను. పిల్లలే పిల్లలకు చెప్పు విధానముతో కూర్చి 1797లో లండనులో పుస్తకము వెలువరించెను. ఇంగ్లండు దీనిని అనుకరించుట సముచితమేనని కాంబెల్ సైతము వ్రాసినాడు.

గురువు బ్రతుకు మాత్రము ఇసుకవ్రాత వంటిదే. మన్రో లెక్క ప్రకారము ఒక్కొక్క బాలుడు నెలకు నాలుగణాలు మొదలు ఎనిమిదణాల వరకు ఇచ్చెడివాడు. చాలమంది గురువులకు ఆరేడు రూపాయలకు మించి రాబడి లేదు. దసరా దినములలో పిల్లలను వెంటబెట్టుకొని, పాటలు పాడించుచు ఇంటింటికి తిరిగినప్పుడు గురువునకు కొంత ధనము, పిల్లలకు పప్పుబెల్లాలు దొరకెడివి. ఆ పండుగ పాటలను నేడు ముచ్చటగా తలచుకొందుము. అయ్యవారికి అవి ముచ్చట కాదు, ఏడాది గ్రాసము.

కాంబెల్ మెచ్చుకొని ఊరకుండలేదు. తీవ్రమైన దోషమొకటి చూపెను. బడిపిల్లలు ఎన్నో పద్యములను పొల్లుపోకుండ అప్పగింతురు గాని, వాని అర్థము చిలుకకెంత తెలియునో వారికిని అంతే తెలియునని ఆయన మాట. పరదేశీయుడు అన్నాడని కోపింప పనిలేదు. నిరుక్తకారుడైన యాస్కమహర్షి అర్థమెరుగక వేదము వల్లించువానిని బరువు మోయు స్తంభముతో ఏనాడో పోల్చియున్నాడు.

ఇచ్చట ఒక భేదము గమనింపవలెను. వేదాధ్యయనమున కంఠస్థము మొదటి మెట్టు మాత్రమే. స్వరము తప్పకుండ ధరించిన పిమ్మట వ్యాకరణము, నిరుక్తము, మీమాంస రావలెను. అచ్చట ధారణ శబ్దమును కాపాడుటకు. శాస్త్రము అర్థమును తెరచుటకు. వీధిబడి ఆ మొదటి మెట్టును అరువు తెచ్చుకొన్నది, పై మెట్లను తెచ్చుకొనలేదు. అమరకోశమును, కావ్యపద్యములను మంత్రములవలె వల్లె వేయించి ఆగిపోయినది. నాలుగేండ్లు చదివి నాగలి పట్టబోవు పిల్లవానికి పై మెట్లు ఎక్కు అవకాశమును లేదు. కావున దోషము జ్ఞాపకశక్తిది కాదు, సగములో ఆగుటది.

ఆ దోషమును ఈ సీమ బిడ్డయే పట్టుకొనెను. శ్రీముఖలింగ క్షేత్రము చెంత పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న జన్మించిన గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు 1880లో పర్లాకిమిడి బడిలో ఉపాధ్యాయులైరి. ముఖలింగ శాసనములను స్వయముగా చదువ నేర్చిన పండితులు వారు. 1907 ప్రాంతమున ఉత్తరసర్కారుల బడులకు తనిఖీ అధికారిగా వచ్చిన యేట్స్, జనులు మాటలాడు తెలుగునకును పుస్తకములలోని తెలుగునకును ఇంత దూరమేలయని ప్రశ్నించెను. ఆ ప్రశ్న గిడుగువారిని, గురజాడవారిని కదలించినది. తల్లి నోట విననిమాటలతో పాఠము చెప్పినచో బాలునికి మిగులునది మరల ఆ చిలుకపలుకే గదా! పండితలోకము ఆగ్రహించెను, జయంతి రామయ్య పంతులుగారు ప్రతిపక్షమున నిలిచిరి. వివాదము ఏండ్లతరబడి సాగినది. ఈ వ్యాసము నడచిన గ్రాంథికమును చూచి గిడుగువారు నొచ్చుకొందురేమో గాని, ఇది బడిపిల్లల కొఱకు వ్రాసినది కాదు.

తెలుగుబాలుని సంగతి ఇట్లుండగా, కొండలపై సవరబాలునికి తెలుగే పరాయిభాష. గిడుగువారు సవరభాష తెలిసినవానిని ఇంట ఉంచుకొని ఆ భాష నేర్చిరి. తెలుగు లిపిలో సవర వాచకములు వ్రాసిరి. సొంత ధనముతో బడులు నడిపిరి. సవర వ్యాకరణము 1931లో అచ్చైనది. అంతకు చాలముందే, ఆ వాచకముల కృషికి మెచ్చి మదరాసు ప్రభుత్వమువారు పారితోషికము ఇవ్వబోగా పంతులుగారు పుచ్చుకొనలేదు. ఆ సొమ్ముతో సవరపిల్లలకు ఒక బడి పెట్టుడని కోరిరి.