పరాసు సేనానుల సంతకపు పత్రములు: హైదరాబాదు దక్కనులో వాని సేకరణ చరిత్ర

పదునెనిమిదవ శతాబ్దమున దక్కనులో పుదుచ్చేరి ప్రభుత్వము పక్షముననో, నిజాముల కొలువునందో సైన్యములను నడపిన ఫ్రెంచి దళపతులు స్వహస్తముతో వ్రాసినవియు, లేఖకులచే వ్రాయించి అడుగున తాము సంతకము చేసినవియు నగు ఉత్తరములు, ఒడంబడికలు, రసీదులు మొదలగువానికి పరాసు సేనానుల సంతకపు పత్రములని పేరు. ఫ్రెంచివారిని మన పూర్వులు పరాసులనియే వ్యవహరించెడివారు. ఐరోపాలో ఇట్టి కాగితములను కొని కూర్చుట మొదట సంపన్నుల అభిరుచిగాను, పిమ్మట ఒక శాస్త్రముగాను పెరిగినది. హైదరాబాదు దక్కనులో నైతే వీనిని పుట్టించినదియు నిలిపినదియు సైనికుల జీతముల లెక్కయే. ఈ భేదమును గుర్తింపనిచో వీని చరిత్ర బోధపడదు.

ఈ పత్రముల కథ బుస్సీతో మొదలగుచున్నది. 1751లో నిజాము ముజఫరుజంగు హతుడైన పిమ్మట సలాబతుజంగును గద్దెనెక్కించి, ఆయన వెంట హైదరాబాదునకును ఔరంగాబాదునకును వచ్చిన ఈ సేనాని, రెండేండ్లు తిరుగకముందే జ్వరపీడితుడై మచిలీపట్టణమునకు పోయి విశ్రమింపగా, అదను చూచి నిజాము దివాను హైదరాబాదులోని పరాసు పటాలములకు జీతములందకుండ జేసెను. బుస్సీ తిరిగివచ్చి, ఔరంగాబాదునకు నడచి, 1753 చివర శ్రీకాకుళము, రాజమహేంద్రవరము, ఏలూరు, ముస్తఫానగరము అను నాలుగు సర్కారులను సైన్యపోషణార్థము వ్రాయించుకొనెను. నెలజీతమునకు చేయిచాచు అవస్థ తప్పించుకొనుటకై ఒక దేశఖండమునే వ్రాయించుకొన్న ఈ ఘట్టము తరువాత దండు మాత్రమే కాక, శిస్తు వసూలు, జమీందారుల బాకీలు, కోటల తగవులు, అన్నియు పరాసు సేనాని సంతకమునకు లోబడినవి. 1757 జనవరి 24న జరిగిన బొబ్బిలి యుద్ధము మనకు వీరగాథగా పరిచితము; బుస్సీ దృష్టిలో అది సర్కారుల రాబడికి సంబంధించిన దండయాత్ర. ఒకే దినమును జంగము కథయు, సేనాని లేఖయు రెండు తీరుల చెప్పుచున్నవి. ఆ రెంటిని ప్రక్కప్రక్కన నుంచి చదువని చరిత్రకారుడు సగమే చదివినవాడు.

ఇచ్చట సంతకమునకును ముద్రకును గల భేదము చెప్పక తీరదు. దక్కను దర్బారులో పత్రమునకు ప్రామాణ్యమిచ్చునది ముహరు; ప్రభువు పేరును బిరుదములును చెక్కిన ఆ ముద్ర లేనిదే ఎంత చక్కని ఫార్సీ వ్రాతయైనను చెల్లదు. పరాసులకు సంతకము ప్రధానము. పేరు క్రింద కలము విడువక త్రిప్పిన మెలికతో అది ముగియుట వారి ఆచారము. బుస్సీకి ఫార్సీ వ్యవహారములలో దుబాసి హైదరుజంగు నోరును చేయియు నయ్యెను గనుక, దర్బారునకు పోయిన లేఖలలో మాట ఒకరిది, వ్రాత వేరొకరిది, ముద్ర మూడవది. కాగితములును రెండు జాతులవి. ఫ్రెంచి లేఖను వెలుతురునకెత్తి చూచినచో అచ్చుగీతల నడుమ కాగితపుమిల్లు గుర్తు నీటినీడవలె కనబడును. బాతు ఈకతో వ్రాసిన అన్నభేదిసిరా నల్లబడి, కాలక్రమమున గోధుమవన్నెకు దిగి, గీత లావైనచోట కాగితమునే తినివేయును. దేశీయపు ఫార్సీ లేఖలో రెల్లుకలము మసిసిరాను నునుపు కాగితముపై పరచును. ఆ నలుపు రెండువందల ఏండ్లైనను వెలిసిపోదు, గాని తడి తగిలినచో చెదరిపోవును. అన్నభేదిసిరా ఎండకును తేమకును, మసిసిరా నీటికిని వెరచును. మన వానకాలములు రెండింటికిని శత్రువులే.

1758లో ఫ్రెంచి సర్వసేనాని లాలీ పిలుపు మేరకు బుస్సీ దక్కను వీడెను. 1759 ఏప్రిలులో మచిలీపట్టణము ఆంగ్లేయుల వశమైన పిమ్మట పరాసుల ప్రాభవము పావు శతాబ్దము మాటుపడెను. దానిని మరల లేపినవాడు మిషెల్ జోయాకిం మరీ రేమొం. 1755లో ఫ్రాన్సు దేశమునందలి గాస్కనీలో పుట్టి, వర్తకుడుగా పుదుచ్చేరికి వచ్చి, మైసూరు పక్షమున పోరాడి, వృద్ధుడైన బుస్సీకి అనుచరుడై, అతడు 1785లో మరణించిన వెనుక నిజాము ఆలీఖాను కొలువున చేరి, సుమారు పదునాలుగువేల పదాతిదళమునకు అధిపతియయ్యెను. ఖర్దా యుద్ధమునను, 1795లో యువరాజు ఆలీజా తిరుగుబాటును అణచుటలోను అతని పటాలములే నిజామునకు దిక్కైనవి. 1798 మార్చి 25న అతడు మృతినొందెను. ఆ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీన నిజాము ఆంగ్లేయులతో చేసికొన్న సంధి ననుసరించి, అక్టోబరు 22న అతని వారసుడగు పిరొం నాయకత్వమునందలి దళము నిరాయుధమైనది. దానికి ముందుదినముననే సిపాయీలు జీతపు బాకీకై తమ అధికారులను నిర్బంధించిరి. జీతముతో మొదలైన కథ జీతముతోనే ముగిసినది. అస్మాన్‌గఢ్ గుట్టపై రేమొం సమాధియందు ఆయన పేరులోని రెండక్షరములు చెక్కబడియున్నవి. మూసారాంబాగు అను పేట ఆయన పేరునే మోయుచున్నది.

ఇక సేకరణ. ఆంగ్ల చరిత్రకారుడు రాబర్టు ఆర్ము దక్షిణాది యుద్ధములపై కూర్చిన వ్రాతప్రతులు లండనుకు చేరినవి. 1798 నాటి ఆంగ్ల రెసిడెంటు కర్కుపాట్రికు కుటుంబపు కాగితములును బ్రిటిషు లైబ్రరీలో గలవు. కావలి సోదరుల సాయముతో కాలిన్ మెకంజీ కూర్చిన కైఫీయతులు పరాసుల కాలమును గ్రామముల వాకిటినుండి చూపును. పుదుచ్చేరిలో గవర్నరు డూప్లేకు దుబాసియగు ఆనందరంగ పిళ్ళె తమిళ దినచర్యను 1846లో గాల్వా మోంబ్రూ కనుగొనుటతో అటువైపు ఆసక్తి మేల్కొనినది. 1911లో ఆల్ఫ్రెడు మార్టినో ఫ్రెంచి ఇండియా చరిత్ర సంఘమును స్థాపించి, పాత కార్యాలయముల కట్టలు విప్పించి, 1935లో బుస్సీపై బృహద్గ్రంథమును వెలువరించెను. నేడు ఫ్రాన్సులో ఈ కాగితములు చూడగోరువారు ఎక్సాం ప్రొవాన్సులోని సముద్రాంతర దేశముల పత్రభాండాగారమునకు పోవలెను. హైదరాబాదున దఫ్తరె దీవానీలోని ఫార్సీ కట్టలను యూసుఫ్ హుసేను పరిష్కరించి ప్రకటించెను. నిజాము ఆలీఖానునకును కుంపిణీకిని 1780 మొదలు 1798 వరకు నడచిన ఉత్తరప్రత్యుత్తరముల సంపుటము 1958లో వెలువడినది. ఆ దఫ్తరమే తార్నాకలోని రాష్ట్ర పురాలేఖ భాండాగారము. మన దేశమున ఈ విషయమున ఇంతకంటె మేలైన కృషి జరుగలేదని నా అభిప్రాయము. ఏలయన, అందు ఒక్కొక్క పత్రము తన జవాబుతోను, జవాబునకు జవాబుతోను కూడి నిలిచినది.

విడికాగితముల విపణి పారిసులో పందొమ్మిదవ శతాబ్దమున వర్ధిల్లెను. పూర్తిగా స్వహస్తముతో వ్రాసిన లేఖకును, సంతకము మాత్రము తనదైన లేఖకును అక్కడివారు వెలయందు గొప్ప అంతరము పాటింతురు. నెపోలియను సంతకము పదవితోబాటు పొట్టియగుచు తుదకు తొలియక్షరమునకు దిగినందున, ఆ ముగింపు చూచియే కాలమును స్థూలముగా నిర్ణయింపవచ్చును. విప్లవపంచాంగపు తేదీలు మరియొక ఆనవాలు. ఈ విపణిలో మోసమునకును కొదువ లేదు: వ్రాన్ లూకా అను కూటలేఖకుడు గణితవేత్త మిషెల్ షాలునకు క్లియోపాత్రా పేరిట ఫ్రెంచి భాషలో వ్రాసిన ఉత్తరమును సహితము అమ్మి, 1870లో దండితుడయ్యెను.

పూర్వము పైగా ప్రభువుల ఏలుబడిలోనుండిన శంషాబాదు ఈ చరిత్రలో కడపటి మజిలీ. నిజామునకు అశ్వదళమును పోషించిన ఆ వంశమునకు జాగీరులే వేతనములు. బుస్సీకి సర్కారులు దక్కిన న్యాయమే ఇదియు. 2008 మార్చిలో ఇచ్చట అంతర్జాతీయ విమానాశ్రయము తెరువబడినది మొదలు హైదరాబాదునుండి విమానమున విదేశములకు పోవు సరకులకు ఇదియే వాకిలి. 1972 నాటి పురావస్తు శాసనము చారిత్రక విలువగల డెబ్బదియైదేండ్ల నాటి వ్రాతప్రతిని గాని, దస్తావేజును గాని పురావస్తువుగా నెంచి, ప్రభుత్వ ద్వారమున తప్ప దేశము దాటనీయదు. తాతల పెట్టెలో దొరికిన ముద్రపత్రమును బహుమానముగా పరదేశమునకు కొనిపోదలచు బంధువునకు సుంకపు బల్ల యొద్దనే ఈ సంగతి తెలియుట న్యాయము కాదు, ఇంటనే తెలియవలెను.

పాత జాగీరు కుటుంబములయందు, సంస్థానముల దివాణములయందు ఇట్టి కట్టలు ఇంకను మిగిలియుండవచ్చును. వానిని చేజిక్కించుకొన్నవారు సంతకమున్న పుటను కత్తిరింపక, చిరుగులకు జిగురుపట్టీ నంటింపక, ప్లాస్టికు పొరలో బిగింపక, కట్టిన తాడును ముడియు ఉన్నవి ఉన్నట్లే యుంచి, ముందుగా తార్నాక భాండాగారమువారికి చూపవలసినదిగా ప్రార్థన.