మౌంట్: యంత్రశాలలో ఎదిగిన మాట

బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీలు కూర్చి 1971 నవంబరు 3వ తేదీతో వెలువరించిన యూనిక్స్ తొలి వాడుక పుస్తకమును తెఱచి చూచినచో, అందు మౌంట్, డీఎఫ్, డీయూ అను మూడు ఆదేశములును అప్పటికే కానవచ్చును. వీనిలో మౌంట్ చరిత్ర మిక్కిలి హృద్యమైనది. లాటినున పర్వతవాచకమగు 'మోన్స్' నుండి పుట్టి, ఫ్రెంచిలో ఆరోహణార్థమున 'మోంతే'యై, ఆంగ్లమున గుఱ్ఱము నెక్కుటకును ఫిరంగిని బండిపై నెక్కించుటకును చెల్లిన యీ పదము, కంప్యూటరుశాలలలో పనివాడు బరువైన డిస్కుప్యాకును చేతులతో నెత్తి యంత్రపు టిరుసుపై నమర్చు కర్మకు పేరయ్యెను. ఆ శ్రమ నేడు లేకున్నను, లినక్సులో డీఎఫ్ అని కొట్టినచో, 'మౌంటెడ్ ఆన్' అను చివరి నిలువు వరుసలో ఏ డిస్కు ఏ డైరెక్టరీకి తగిలింపబడెనో కనబడును. ఆ పాత చెమట ఆ వరుసలో నిలిచియుండుట నాకు ప్రియమైన విషయము.

డీఎఫ్ అనగా డిస్క్ ఫ్రీ, మిగిలిన చోటు. డీయూ అనగా డిస్క్ యూసేజ్, వాడిన చోటు. ఈ రెంటి లెక్కలు ఒక్కొకప్పుడు పొసగవు. తొలగించిన ఫైలును ఏదేని ప్రోగ్రాము ఇంకను తెఱచియుంచినచో, పేరు పోయిన దానిని డీయూ గణింపదు, చోటు విడువని దానిని డీఎఫ్ గణించును. ఆ ప్రోగ్రామును ఆపినంతనే చోటు ఖాళీ యగును.