ఎక్స్‌రే చూపని శేషం

కాన్పుతోనో గర్భస్రావంతోనో గర్భధారణ కథ ముగిసిందని మనమనుకుంటాము. బహు అరుదుగా అది ముగియదు. మాయకు చెందిన కణాలు కొన్ని తల్లి శరీరంలో నిలిచిపోయి కేన్సరుగా మారుతాయి. దీనికే కోరియోకార్సినోమా అని పేరు. ముత్యాల గర్భం వచ్చిన స్త్రీలలో దీని ముప్పు ఎక్కువ. మామూలు కాన్పు తరువాత కూడా రావచ్చు, కొందరిలో ఏళ్లు గడిచాక బయటపడవచ్చు. రక్తం వెంట ఊపిరితిత్తులకు, కాలేయానికి, మెదడుకు పాకుతుంది. 1950ల మధ్య వరకు, ఇలా పాకిన తరువాత బతికినవారు అరుదు.

1956లో అమెరికాలోని బెథెస్డాలో, జాతీయ కేన్సర్ సంస్థలో పనిచేస్తున్న మిన్ చియు లీ, రాయ్ హెర్ట్జ్ ఈ వ్యాధికి మెథోట్రెక్సేట్ ఇచ్చి చూశారు. ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డగించే ఈ మందు లెడర్లే ప్రయోగశాలలో, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వంలో జరిగిన కృషి ఫలం. 1948లోనే కన్నుమూసిన ఆయన ఈ విజయాన్ని చూడలేకపోయారు.

ఎక్స్‌రేలో ఊపిరితిత్తులలోని కణితులు కరిగిపోయాయి. అందరూ సంతోషించారు. లీ మాత్రం తృప్తి చెందలేదు. మాయ కణాలు స్రవించే హెచ్‌సీజీ అనే హార్మోను రోగుల మూత్రంలో ఇంకా కొద్దిగా కనిపిస్తూనే ఉన్నది. (ఆనాడు దానిని ఎలుకల మీద పరీక్షించి కొలిచేవారు.) హార్మోను ఉన్నదంటే కంటికి కానరాని కేన్సరు ఉన్నట్లే కదా! అది పూర్తిగా మాయమయ్యే వరకు ఆయన మందు ఆపలేదు. ఆరోగ్యంగా కనబడుతున్నవారికి విషంవంటి మందు ఎక్కిస్తున్నాడని పై అధికారులు ఆగ్రహించారు. 1957లో ఆయన ఆ సంస్థను వీడవలసి వచ్చింది.

తీర్పు కాలమే చెప్పింది. మందు ముందుగా ఆపినవారిలో వ్యాధి తిరగబెట్టింది. లీ పట్టుబట్టి కొనసాగించినవారిలో తిరిగి రాలేదు. 1972లో లీ, హెర్ట్జ్‌లకు లాస్కర్ పురస్కారం దక్కింది. ఆలస్యమైనా దక్కింది, అంతవరకు మేలే.

నేడు హెచ్‌సీజీ మామూలు స్థాయికి దిగిన తరువాత కూడా మరికొన్ని విడతలు మందు ఇస్తారు, ఆపైన నెలల తరబడి రక్తపరీక్షలు చేస్తారు. ఆ గడువులో మళ్లీ గర్భం వద్దంటారు, ఎందుకంటే కొత్త గర్భమూ అదే హార్మోనును పెంచుతుంది. అప్పుడు ఏది ఏదో తేల్చడం కష్టం. మీ ఇంట ఎవరికైనా ముత్యాల గర్భం తీసివేసి ఉంటే, ఒంట్లో బాగానే ఉన్నదని ఆ పరీక్షలు మానిపించకండి. కాన్పయిన కొంతకాలానికి ఆగని రక్తస్రావమో, దగ్గులో నెత్తురో కనిపించినా వైద్యునికి పాత గర్భాల సంగతి తప్పక చెప్పండి.