పన్నెండు పెట్టెలు, ఒక్క తీగ

2019 ఏప్రిల్ 11న నందిపేట్‌లో ఓటెయ్యడానికి వెళ్ళినవాళ్ళకి బూత్ లోపల కనబడింది ఎప్పుడూ చూసే ఒక్క పెట్టె కాదు. ఎల్ ఆకారంలో వేసిన బల్లల మీద వరసగా పన్నెండు బ్యాలెట్ యూనిట్లు! నిజామాబాద్ లోక్‌సభ స్థానానికి ఆ సారి 185 మంది అభ్యర్థులు. వాళ్ళలో 170 మందికి పైగా పసుపు, ఎర్రజొన్న పండించే రైతులే. నోటాతో కలిపి 186 మీటలు కావాలి. పెట్టెకి 16 మీటలు. పదకొండు పెడితే 176, చాలవు. పన్నెండు పెడితే 192, ఆరు మిగులుతాయి.

రైతులు ఎందుకు నిలబడ్డారో మీకు తెలిసే ఉంటుంది. పసుపు క్వింటాలుకి 15,000, ఎర్రజొన్నకి 3,500 ఇప్పించమని ఆ ఫిబ్రవరిలో ఆర్మూర్ దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి మీద కూర్చున్నారు. పసుపు బోర్డు అయితే అంతకన్నా పాత కోరిక. ఎవరూ పలకకపోతే తలా 25,000 డిపాజిట్ కట్టి నామినేషన్లు వేశారు. పేపర్లన్నీ దీన్ని రాజకీయంగానే రాశాయి. నాకు మాత్రం (వృత్తి రోగం అనుకోండి) మొదట తట్టిన ప్రశ్న వేరు. ఈ డబ్బాకి లిమిట్ ఎంత?

2006 తర్వాత వచ్చిన ఎమ్-2 రకం ఈవీఎం అయితే కంట్రోల్ యూనిట్‌కి నాలుగే బ్యాలెట్ యూనిట్లు తగిలించగలం. అంటే 64 పేర్లు, నోటాతో సహా. 2013 తర్వాతి ఎమ్-3 కి 24 పెట్టెలు, 384 పేర్లు. నామినేషన్ల ఉపసంహరణ గడువు మార్చి 28. అంటే ఎన్నికకి మిగిలింది రెండు వారాలు. ఆ లోపు ఎమ్-3 యంత్రాలు వేల సంఖ్యలో తెప్పించి, ఒక్కో బూత్‌కీ పన్నెండేసి పెట్టారు. 1996లో ఫ్లోరైడ్ నీళ్ళ గోడు చెప్పుకోడానికి నల్లగొండలో 480 మంది నిలబడ్డప్పుడు బ్యాలెట్ పేపరు ఏకంగా పుస్తకమైంది. అంతమంది మళ్ళీ నిలబడితే ఎమ్-3 కూడా చేతులెత్తేస్తుంది.

సరే, ఇప్పుడు పెట్టె వెనక్కి వెళ్దాం. ప్రతి బ్యాలెట్ యూనిట్‌లో ఒక చిన్న స్విచ్ ఉంటుంది, నువ్వు ఎన్నో పెట్టెవో చెప్పడానికి. ఏడో పెట్టెలో అయిదో మీట నొక్కితే 6×16+5, అంటే 101వ అభ్యర్థి. ఆ స్విచ్ ఒక అంకె అటూ ఇటూ అయితే లెక్క ఇంకొకరి ఖాతాలోకి పోతుంది. అందుకే అభ్యర్థుల ముందే దాన్ని సెట్ చేసి సీలు వేస్తారు.

ల్యాబ్‌లో మీటర్లతో కుస్తీ పట్టినవాళ్ళు ఈపాటికి నవ్వుకుంటూ ఉంటారు :) జీపీఐబీ కేబులుకి తగిలించే ప్రతి మీటరుకీ ఇలాంటి అడ్రసు ఉంటుంది, 0 నుంచి 30 దాకా. పాత మీటర్ల వెనకాల అయిదు బుల్లి స్విచ్‌లు ఉండేవి. ఒకసారి రెండు కొత్త మల్టీమీటర్లు ఒకే కేబులుకి తగిలించి, రెండిటికీ కంపెనీవాళ్ళు పెట్టిన అడ్రసు 22 అని చూసుకోక నేను ఒక పూట పోగొట్టుకున్నాను. వినేటప్పుడు ఇద్దరూ బుద్ధిగా వింటారు. జవాబు చెప్పమంటే ఇద్దరూ ఒకేసారి మొదలెడతారు!

దీని కథ 1960ల చివర్లో మొదలైంది. అప్పట్లో ఒక్కో మీటరుకి ఒక్కో రకం వైర్లు, ఒక్కో రకం సంకేతాలు. హ్యూలెట్ ప్యాకార్డ్ ఇంజనీర్లు తమ సరుకు వరకైనా ఒకే తీగ ఉండాలని ఒక పద్ధతి తయారుచేసి 1972లో బయటపెట్టారు. 1975లో అది ఐఈఈఈ 488 అనే ప్రమాణం అయ్యింది. ఒక కేబులు మీద గరిష్ఠంగా 15 పరికరాలు, మొత్తం పొడవు 20 మీటర్లు. అందులో నాకు బాగా నచ్చేది మూడు తీగల కరచాలనం. వినేవాళ్ళలో అందరికన్నా నెమ్మదైనవాడు "ఆఁ, అందింది" అనేదాకా తర్వాతి బైటు కదలదు. ముసలమ్మ ఎక్కేదాకా ఆగే పల్లెవెలుగు బస్సే. పేరుకి ఇది కూడా బస్సే కదా.

ఇహ "ప్రమాణానికి లోబడింది" అంటే ఏమిటి? మనవాళ్ళు అన్నీ చేస్తుంది అని బ్రోచర్లో రాసుకుంటారు. 488 దారి వేరు. పనుల్ని పది ముక్కలుగా విడగొట్టింది. మాట్లాడటం, వినడం, పిలిచి దృష్టి మళ్ళించడం, రీసెట్ కావడం వగైరా. కనెక్టర్ పక్కన ఒక్కో ముక్కకీ కోడు అచ్చేస్తారు. సున్నా ఉంటే ఆ పని నాకు రాదని అర్థం. రానిదాన్ని డబ్బా మీదే ఒప్పుకోవడం అన్నమాట.

కానీ తీగ కలిసినా మాట కలవలేదు. ఒక మీటరు వోల్టేజీ ముందు అక్షరాలు తగిలిస్తే ఇంకోటి ఉత్త అంకె పంపేది. ప్రోగ్రాములన్నీ ఇఫ్, ఎల్స్‌లతో నిండిపోయేవి. 1987లో 488.2 వచ్చి 13 ఆదేశాలు ప్రతి పరికరానికీ తప్పనిసరి చేసింది. అందులో ఒకటి "నువ్వెవరు?" అని అడిగేది. కంపెనీ, మోడలు, సీరియల్ నంబరు, ఫర్మ్‌వేర్ వెర్షను, ఈ వరసలోనే చెప్పాలి. కొలిచే ఆదేశాల భాష ఒకటి కావడానికి 1990లో స్కిపీ వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది.

ఈవీఎం ఈ దారిలో రాలేదు. తయారుచేసేది హైదరాబాదు ఈసీఐఎల్, బెంగుళూరు బీఈఎల్. ఒకరి కంట్రోల్ యూనిట్‌కి ఇంకొకరి బ్యాలెట్ యూనిట్ తగిలించకూడదు, ఒకే తయారీ, ఒకే మోడలు ఉండాలి. ఎమ్-3 లో పెట్టెలు ఒకదాన్నొకటి గుర్తుపట్టాకే మాట్లాడతాయి, పరాయి పెట్టె వస్తే ఒప్పుకోవు. 488 కొత్తవాడికి తలుపు తీస్తుంది, ఇది వేస్తుంది. ఓటు విషయంలో తలుపు వెయ్యడం సబబే అని నా అభిప్రాయం. కాకపోతే ఓ చిక్కుంది. ల్యాబ్‌లో మీటరు మీద అనుమానమొస్తే పక్క కంపెనీ మీటరు పెట్టి సరిచూసుకుంటాను. పన్నెండు పెట్టెల ముందు నిలబడ్డ పసుపు రైతుకి ఆ వీలు లేదు. అతనికున్నది వీవీప్యాట్ అద్దం వెనక ఏడు సెకన్లు కనబడే చీటీ ఒక్కటే. ఆ చీటీలు ఎన్ని బూత్‌లలో లెక్కపెట్టాలన్న వాదన కూడా అప్పుడే సాగింది. అసెంబ్లీ సెగ్మెంటుకి ఒకటి కాదు అయిదు అని సుప్రీంకోర్టు చెప్పింది 2019 ఏప్రిల్ 8న, నిజామాబాద్ పోలింగుకి మూడు రోజుల ముందు. బ్యాలెట్ పేపరే పెట్టమని అడిగిన రైతు అభ్యర్థుల మీద అప్పట్లో జోకులు వేసినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఇప్పుడైతే వెయ్యను.

పసుపు బోర్డు 2025 జనవరి 14న నిజామాబాద్‌లో మొదలైంది. ఆ ఎన్నికలో తలా ఒక మీట దక్కించుకున్న రైతులు అడిగినవాటిలో అదొకటి. మిగతావి ధరలు.