మైసూరు జావా: జీర్ణోద్ధరణా? పరిష్కరణా?

పాత మోటారుసైకిళ్ళు కొని బాగుచేసుకొనే అభిరుచి మన యువకులలో కొన్నేళ్ళుగా ప్రబలింది. దానిని వారు రెస్టోరేషన్ అంటున్నారు. తెలుగులో ఏమనాలని ఆలోచిస్తే ముందుగా తట్టేది జీర్ణోద్ధరణ. కాని మన గుళ్ళ జీర్ణోద్ధరణ ఏ తీరున సాగుతూ వచ్చిందో చూసినవాణ్ణి కనుక ఆ మాట వాడడానికి నాకు మనసొప్పదు. నల్లరాతి స్తంభాలకు ఎనామెల్ రంగులు పూయడం, అక్షరాలున్న రాతిని మెట్టుగా పరచడం మనకు కొత్త కాదు గదా. తాళపత్ర ప్రతులు సరిచూసి గ్రంథం వెలువరించేవారు వాడే 'పరిష్కరణ' ఇక్కడ మెరుగైన మాటగా తోస్తుంది. ఎందుకో చెప్పాలంటే జావా బండి కథ చెప్పాలి.

ఈ జావాకు ఆగ్నేయాసియాలోని ద్వీపంతో ఏ సంబంధమూ లేదు. ఫ్రాంటిషెక్ యానెచెక్ అనే చెక్ పారిశ్రామికుడు 1929లో జర్మనీకి చెందిన వాండరర్ కంపెనీ మోటారుసైకిలు హక్కులు కొన్నాడు. తన పేరులోని మొదటి ముక్కనూ ఆ కంపెనీ పేరులోని మొదటి ముక్కనూ అతికితే ఏర్పడిన పేరిది. ఏ సమాసమని విద్యార్థి అడిగితే జవాబు చెప్పడం కష్టమే! చెక్ వారు 'యావా' అంటారు, మన నోట జావా అయింది. తొలి బండి 500 సి.సి. ఫోర్ స్ట్రోకు. ఖరీదు ఎక్కువ, కొనేవారు తక్కువ. 1932లో ఇంగ్లండు వారి విలియర్స్ టూ స్ట్రోకు ఇంజను బిగించి 175 సి.సి. బండిని తెచ్చిన తరువాతనే కంపెనీ నిలదొక్కుకొంది.

టూ స్ట్రోకు అన్నది అప్పటికే పాత ఊహ. ఇంగ్లండులోని బాత్ పట్టణంలో జోసెఫ్ డే 1891 ప్రాంతంలో దానికి రూపమిచ్చాడు. అతని వద్ద పనిచేసిన ఫ్రెడరిక్ కాక్ మరుసటి సంవత్సరం దానిని ఇంకా సులభం చేశాడు. ఫోర్ స్ట్రోకు ఇంజనులో పిస్టను నాలుగుసార్లు కదిలితే ఒకసారి శక్తి పుడుతుంది. ఇందులో రెండు కదలికలకే పుడుతుంది. వాల్వులు లేవు. సిలిండరు గోడకు రంధ్రాలుంటాయి. పిస్టను ఎక్కుతూ దిగుతూ తానే వాటిని మూస్తుంది, తెరుస్తుంది. క్రింద క్రాంకు ఉండే గది పంపులాగా పనిచేసి పెట్రోలు ఆవిరిని పైకి నెడుతుంది. ఆ గదిలో ఆయిలు నిలువ ఉంచే వీలు లేదు కనుక పెట్రోలులోనే కలిపి పోయాలి. పాత జావాలో ఇరవై ఐదు పాళ్ళ పెట్రోలుకు ఒక పాలు ఆయిలు. నీలిపొగకు కారణమదే. కొత్తగా లోపలికి వచ్చిన ఇంధనంలో కొంత కాలకుండానే సైలెన్సరు గుండా వెళ్ళిపోతుంది కూడా. ఆ వాసనను తలచుకొని పరవశించేవారు కాలని పెట్రోలును తలచుకొంటున్నారన్నమాట.

యుద్ధకాలంలో చెక్ దేశం నాజీల ఏలుబడిలో ఉండగా, జావా ఇంజనీర్లు అధికారుల కన్నుగప్పి ఒక కొత్త 250 సి.సి. బండిని రూపొందించుకొన్నారు. 1946లో పారిస్ ప్రదర్శనలో ఆ 'పెరాక్' బంగారు పతకం పొందింది. స్ప్రింగు అనే అర్థమిచ్చే చెక్ పదం నుండి వచ్చిన పేరది. దాని వంశంలో 1950లలో వచ్చిన బండి మన దేశానికి చేరింది. సిలిండరు వ్యాసం 65 మి.మీ., పిస్టను నడక 75 మి.మీ., మొత్తం 248.5 సి.సి. ఒక్క సిలిండరుకు రెండు సైలెన్సర్లు. కిక్కు రాడ్డే గేరు రాడ్డు కూడా. స్టార్టు చేశాక దానిని ముందుకు త్రిప్పితే గేర్లు వేసుకొనే కాడ అవుతుంది. గేరు మార్చబోతే క్లచ్చు దానంతట అదే విడుతుంది.

బయటి దేశాల బండ్ల దిగుమతిపై ఆంక్షలు బిగిసిన కాలంలో, 1960లో మైసూరులో ఐడియల్ జావా కంపెనీ ఏర్పడింది. రుస్తుం ఇరానీ, ఫరోఖ్ ఇరానీలు దాని స్థాపకులు. 1961 నుండి బండ్లు వచ్చాయి. 1970లలో జావా పేరు పోయి యెజ్డి పేరు వచ్చింది. జొరాస్ట్రియనులకు ముఖ్యమైన ఇరాన్‌లోని యజ్ద్ నగరాన్ని తలపించే పేరు. చెక్ బీజం, మైసూరు నేల, పారసీక నామం! 1978లో రోడ్ కింగ్ వచ్చింది. మా వైపు పల్లెలలో ఆ బండి రెండు ఫర్లాంగుల దూరాన ఉండగానే ఎవరు వస్తున్నారో చెప్పగలిగేవారు. ముందు సీటు మీద కామందు, వెనుక ఎరువుల బస్తా.

1980లలో జపాను కంపెనీల భాగస్వామ్యాలు వచ్చాయి. 1985లో హీరో హోండా సి.డి.100 దిగాక లీటరుకు ఎన్ని కిలోమీటర్లన్నదే ప్రశ్న అయింది. ఆపైన పొగ మీద నిబంధనలు. 1996లో మైసూరు కర్మాగారం మూతపడింది. ఆ ఏడే యమహా ఆర్.ఎక్స్.100 కూడా ఆగిపోయింది. అంతకుముందే ఎస్కార్ట్స్ వారి రాజదూత్ 350 అంతరించింది. రెండు సిలిండర్లతో గుర్రంలా ఉరికే ఆ బండి పెట్రోలు త్రాగుడుకు నాడు జనం జడిశారు. నేడు దానికోసమే ఎగబడుతున్నారు.

ఇప్పుడు కొనడం సంగతి. పాతబండి కొనబోయేవారు ఇంజను తిరుగుతుందా లేదా అని ముందు చూస్తారు. నిజానికి ఇంజను బాగుపడే వస్తువు. సిలిండరు అరిగితే బోరింగ్ చేయించి, ఒక మెట్టు పెద్ద పిస్టను వేయవచ్చు. ఇప్పటికి ఎన్ని మెట్లు ఎక్కిందో మాత్రం అడగాలి. చివరి మెట్టు దాటితే గోడకు కొత్త స్లీవు వేయాల్సిందే. క్రాంకు గది సీళ్ళు ఎండి గాలి పీల్చుతుంటే కార్బురేటరును ఎంత సవరించినా బండి దారికి రాదు, పైగా పిస్టను కాలి పట్టేస్తుంది. ఇవన్నీ ఓపిక గల మెకానిక్కు చేతిలో కుదిరే పనులు.

కుదరనివి రెండు. ఒకటి, కాగితం. ఆర్.సి. పుస్తకం లేని బండి పేరు తెలియని కవి పద్యంలాంటిది. అందంగా ఉంటుంది, ఎవరిదో నిరూపించలేము. ఫ్రేము మీద, ఇంజను మీద కొట్టిన నెంబర్లు పుస్తకంలో ఉన్నవేనా? అంకెల వరుస వంకరగా ఉన్నా, చుట్టూ ఆకురాయి గీతలున్నా ఎవరో మళ్ళీ కొట్టారని అనుమానించాలి. అమ్ముతున్నవాని పేరే పుస్తకంలో ఉందా? తండ్రి పేరున ఉండి ఆయన గతిస్తే వారసులందరి సమ్మతి తేల్చుకోకుండా డబ్బివ్వకూడదు.

రెండవది, పోయిన చిల్లర. టాంకు మీది బిళ్ళలు, హెడ్‌లైటు గూటిలోని స్పీడోమీటరు, పనిముట్ల డబ్బా, చైను మూత. తుప్పుపట్టినా అన్నీ ఉన్న బండి, నిగనిగలాడుతూ సగం లేని బండి పక్కపక్కన ఉంటే మొదటిదే కొనమంటాను. శిథిలమైన అక్షరాన్ని చదువుకోవచ్చు, పత్రమే పోతే ఊహించి పూరించడమే మిగులుతుంది. ఆర్.ఎక్స్.100 పేరుతో అమ్మే బండ్లలో ఇప్పుడు ఇది మరీ ఎక్కువ; తరువాత వచ్చిన 135 సి.సి. బండి సిలిండరు ఎక్కించి, టాంకు మీద 100 అని అంటించి అమ్ముతారు. మిశ్రపాఠమని నోరు విప్పి చెప్పేవాడు అరుదు.

అయితే అసలు పాఠం ఏది? ఇక్కడే నాకూ కొందరు అభిమానులకూ భేదం. మైసూరు జావా కొని, దాని భాగాలు తీసివేసి, చెక్ దేశం నుండి భాగాలు తెప్పించి బిగించి, ఇప్పుడు శుద్ధమైందని సంతోషించేవారున్నారు. వెనుక చక్రం పక్కన చీర చిక్కకుండా పెట్టిన కంచెను మొదటే పీకేస్తారు, ప్రాగ్‌లో లేదు కదా అని. నన్నయ భారతాన్ని వ్యాసభారతంతో పోల్చి, తేడా ఉన్నచోటల్లా దిద్దబూనడం వంటి పని ఇది. మైసూరు బండి చెక్ బండికి చెడిన ప్రతి కాదు, వేరే గ్రంథం. ఆ కంచె వెనుక ఒక పక్కకు కూర్చుని సంతకు, పురుడుకు, పెళ్ళిళ్ళకు వెళ్ళిన స్త్రీలందరూ ఆ బండి చరిత్రలోనివారే. దానిని ప్రక్షిప్తమని తొలగించే అధికారం పరిష్కర్తకు లేదు. తరువాతివాడు గీయించిన మంటల బొమ్మలు, పగలగొట్టిన సైలెన్సరు, ఇవి తొలగించవలసినవే. హద్దు ఎక్కడ గీయాలన్నది ప్రతి బండి దగ్గరా కొత్తగా తేల్చుకోవాలి. రంగు ఏ మూలనైనా మిగిలి ఉంటే దానిని గీకేముందు ఒక ఫోటో అయినా తీసి ఉంచుకోండని మాత్రం నా విన్నపం. సీటు క్రింద, టాంకు అడుగున ఎండ తగలని చోట కర్మాగారపు రంగు తరచు దొరుకుతుంది.

ఈ విషయంలో చట్టమే అభిమానుల కన్న నిక్కచ్చిగా ఉంది. 2021 జూలైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం, తొలి రిజిస్ట్రేషను నాటి నుండి యాభై ఏళ్ళు దాటి, మూలరూపంలోనే ఉండి, ఫ్రేముకు గాని ఇంజనుకు గాని పెద్ద మార్పులు జరగని బండినే వింటేజి వాహనంగా గుర్తిస్తారు. నెంబరులో 'వి.ఏ.' అక్షరాలు వస్తాయి. కొత్త రిజిస్ట్రేషను రుసుము 20,000 రూపాయలు, పదేళ్ళ చెల్లుబాటు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలు పోయించుకోవడానికి, మరమ్మతుకు తప్ప రోడ్డెక్కరాదు. రోజూ నడుపుకోదలచినవారు దాని జోలికి పోకుండా, మామూలు ఆర్.సి.ని పదిహేనేళ్ళ తరువాత అయిదేళ్ళకొకసారి పునరుద్ధరించుకొంటూ పోవడమే దారి. మైసూరులో తయారైన తొలి జావాలకు 2011లోనే యాభై నిండాయి. 1996లో వెలువడిన చివరి యెజ్డిలకు 2046 దాకా ఆ అర్హత రాదు. వాటిలో కంచెతో సహా నిలిచేవి ఎన్నో, అప్పటికి పెట్రోలు పోసే బంకు ఎక్కడ ఉంటుందో!