దస్తావేజుకు రెండో ప్రతి

చిక్కడపల్లి సబ్‌ రిజిస్ట్రార్ కార్యాలయం పరిధిలో ఫ్లాటు కొనేవారు అడ్వాన్సు ఇచ్చే ముందు ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయిస్తారు. ఆ ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు, దానాలు అందులో కనిపిస్తాయి. ఆన్‌లైన్‌లో వెతికితే మాత్రం 1983 జనవరి 1 నుంచి జరిగినవే వస్తాయి. అంతకు ముందువి కావాలంటే ఆఫీసుకెళ్లి పాత వాల్యూములు తిరగేయించాల్సిందే. ఆ తేదీకి అవతల కాగితం, ఇవతల డేటాబేస్. పెద్ద డేటాబేస్‌కు ఏ బ్యాకప్ సాధనం కొనాలన్న చర్చ ఇవాళ ప్రతి ఆఫీసులోనూ ఉంది. ఆ చర్చకు కావలసిన పాఠాలు చాలావరకు అవతలి కాగితాల్లోనే ఉన్నాయని నా అభిప్రాయం.

1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం చదివితే దాన్ని రాసినవాళ్లకు పోగొట్టుకోవడమంటే ఎంత భయమో అర్థమవుతుంది. రిజిస్టరు పేజీలకు వరుస నంబర్లు అచ్చులోనే ఉండాలి. మొత్తం ఎన్ని పేజీలో మొదటి పుటలో అధికారి ధ్రువీకరించాలి. అంటే ఒక కాగితం చింపినా దొరికిపోతుంది. 16వ సెక్షన్ ప్రతి రిజిస్ట్రారు ఆఫీసుకూ నిప్పంటుకోని పెట్టె ఇవ్వమంటుంది. దస్తావేజును వచ్చిన వరుసలో పుస్తకంలోకి ఎక్కించాలి. నంబర్లు ఏడాది పొడవునా తెగకుండా సాగాలి. అసలు పత్రం యజమాని ఇంటికి పోతుంది, నకలు ఆఫీసులో ఉంటుంది. ఒకే దస్తావేజులోని భూమి రెండు సబ్‌ డిస్ట్రిక్టుల్లో ఉంటే రెండో ఆఫీసుకు మెమొరాండం పంపాలని 64వ సెక్షన్, వేరే జిల్లాలో ఉంటే నకలే పంపాలని 65వ సెక్షన్ చెబుతాయి. ఒకే సమాచారం వేర్వేరు చోట్ల, వేర్వేరు మనుషుల చేతుల్లో ఉండేది. ఇందులో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది ఆ చేతులు వేరుకావడమే.

లోపాలు లేవని కాదు. చేత్తో నకలు రాయడం నెలల తరబడి వెనకబడేది. ఒక్క ఈసీ కోసం పదిహేనేళ్ల సూచికలు తిప్పాల్సి వచ్చేది. తిప్పిన కొద్దీ పేజీలు నలిగేవి. పైగా ఆఫీసులోని వాల్యూముకు ఇంకో వాల్యూము లేదు. నీళ్లొస్తే కాగితం గతి ఏమిటో ఈ పరిసరాలకు బాగా తెలుసు. 2000 ఆగస్టు 24న హైదరాబాద్‌లో ఒక్క రోజులో 24 సెంటీమీటర్ల వాన కురిసింది. అశోక్‌నగర్ పక్కగా పారే హుస్సేన్‌సాగర్ నాలా పొంగింది. బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రం గ్రంథాలయంలోకి నీళ్లు చేరి అరుదైన ఉర్దూ పుస్తకాలు, పత్రికలు తడిసిపోయాయి.

అప్పటికే రిజిస్ట్రేషన్ శాఖ కంప్యూటర్ల బాట పట్టింది. 1998 నవంబరు 4న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 214 రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లో ‘కార్డ్’ పథకం మొదలైంది. దస్తావేజును స్కాన్ చేసి భద్రపరచడం, పాత లావాదేవీల వివరాలను డేటాబేస్‌లోకి ఎక్కించడం దాని పనులు. రోజులు పట్టే ఈసీ నిమిషాల్లో చేతికొచ్చింది. 2001లో కేంద్రం చట్టంలో 16ఎ సెక్షన్ చేర్చి, రిజిస్టర్లను ఫ్లాపీల్లో, డిస్కెట్లలో ఉంచవచ్చంది. ఆ ఫ్లాపీ చదివే యంత్రం ఇప్పుడు ఏ ఆఫీసు టేబుల్ మీదా కనిపించదు. కాగితం మీది సిరా మాత్రం ఇంకా చదవడానికి వస్తోంది.

పోయిన సమాచారాన్ని తిరిగి నిలబెట్టే సమస్యను డేటాబేస్‌లు తమ సొంత దారిలో పరిష్కరించుకున్నాయి. కిరాణా కొట్టులో బేరం జరగ్గానే చిట్టాలో రాసి, తర్వాత ఖాతాకు ఎక్కిస్తారు. ఖాతా పుస్తకం పోయినా పాత ఖాతా, ఆ తర్వాతి చిట్టా ఉంటే లెక్క మళ్లీ నిలబడుతుంది. డేటాబేస్ లాగ్ చేసేదీ అదే. 1992లో ఐబీఎంకు చెందిన సి. మోహన్ బృందం ప్రచురించిన ‘ఏరీస్’ పద్ధతి ఈ ఆలోచనకు గట్టి శాస్త్రీయ రూపమిచ్చింది. 1997లో ఒరాకిల్ 8తో ఆర్‌మ్యాన్ అనే బ్యాకప్ సాధనం వచ్చింది. 2005లో ఉచిత డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ 8.0 కూడా కోరిన క్షణానికి డేటాను వెనక్కి తెచ్చే సదుపాయం ఇచ్చింది. ఖరీదైన సాఫ్ట్‌వేర్ కొనలేని సంస్థలకు ఇది పెద్ద మేలు.

అయినా ప్రమాదాలు ఆగలేదు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజనీరు పొరపాటున అసలు డేటాబేస్‌ను చెరిపేశాడు. ఉన్నాయనుకున్న బ్యాకప్ పద్ధతులు అప్పుడు పనికిరాలేదు. ఆరు గంటల డేటా పోయింది. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్‌ మీద రాన్‌సమ్‌వేర్ దాడి జరిగి ఆసుపత్రి రెండు వారాల పాటు కాగితం, పెన్నుతో నడిచింది. దాడి తగలని ఒక బ్యాకప్ సర్వరు ఉండబట్టి ఈ-హాస్పిటల్ డేటా తిరిగొచ్చింది. 2025 సెప్టెంబరులో దక్షిణ కొరియాలోని డేజాన్ ప్రభుత్వ డేటా కేంద్రం కాలిపోయినప్పుడు ఉద్యోగుల ఫైళ్లున్న 858 టెరాబైట్ల నిల్వ పోయింది. మరీ పెద్దదని దానికి బయట ప్రతి పెట్టలేదు.

మన తెలంగాణలో వ్యవసాయ భూముల లెక్కలు 2020 అక్టోబరు 29న ధరణి పోర్టల్‌లోకి వెళ్లాయి. ఆ పోర్టల్ నిర్వహణ 2024లో ప్రైవేటు సంస్థ నుంచి కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐసీ చేతికి వచ్చింది. 2025 ఏప్రిల్‌లో ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. అయిదేళ్లలోపే నిర్వాహకులు మారారు, పోర్టల్ మారింది. భూమి హక్కు మాత్రం మూడు తరాలు నిలవాలి.

అందుకే సాధనం ఎంపికలో ధర, వేగం, బ్రాండు నా దృష్టిలో తర్వాతి విషయాలు. మొదట తేల్చుకోవాల్సినవి రెండు: ఎన్ని నిమిషాల డేటా పోయినా తట్టుకోగలం? ఎన్ని గంటల్లో ఆఫీసు మళ్లీ తెరవాలి? తర్వాత, బ్యాకప్ తాళం అసలు డేటాబేస్ నడిపేవారి దగ్గరే ఉండకూడదు. పక్క యంత్రంలో వెంటవెంటనే తయారయ్యే రెప్లికాను బ్యాకప్‌గా లెక్కపెట్టకూడదు. ఇక్కడ చెరిపింది అక్కడా చెరిగిపోతుంది. రాసిన తర్వాత నిర్ణీత గడువు దాకా ఎవరూ మార్చలేని ప్రతి ఒకటి వేరే ఊళ్లో ఉండాలి. సాధనం అమ్మిన కంపెనీ మూతపడినా డేటాను బయటకు తీసి ఇంకోచోట చదవగలగాలి.

టెండరు కమిటీల్లో కూర్చునేవారికి నా విన్నపం ఒక్కటే. అమ్మేవారు చూపించే తెరలు చూసి సంతకం పెట్టకండి. ఖాళీ సర్వరు ఒకటి ఇచ్చి, మీరు చెప్పిన తేదీకి, మీరు చెప్పిన గంటకు మీ డేటాను దాని మీద నిలబెట్టి చూపించమనండి. తెచ్చాక పాత ఈసీ ఒకటి తీసి కాగితం నకలుతో సరిచూడండి. కొన్న తర్వాత మూడు నెలలకోసారి అదే పని మీ సిబ్బంది చేత చేయించండి.